ముప్ఫై ఆరు ముడులు

"ఎవరు తవ్వారో చెప్పేదాకా నేను ఈ గుమ్మం ఎక్కను."

పెద్దకోడలు ఆ మాట అన్నప్పుడు ఆమె భుజాన సంచి అలాగే ఉంది. మూడు రోజులు పుట్టింట్లో ఉండి, తెల్లవారుతూనే బస్సెక్కి, సీటు దొరక్క సగం దారి నిలబడి వచ్చిన మనిషి. కాళ్ళు కడుక్కోలేదు, గుక్కెడు నీళ్ళు తాగలేదు. ఎక్కడికి వెళ్ళి వచ్చినా ముందు పెరట్లోకి తొంగిచూడటం ఆమె అలవాటు. చూసింది. మంజిష్ఠ మడిలో సగం లేదు.

నీలిమొక్కలు ఉన్నాయి. బంతిమొక్కలు ఉన్నాయి. గోడవార దానిమ్మ ఉంది. రెండేళ్ళుగా ఎవరినీ గట్టున అడుగు కూడా వెయ్యనివ్వకుండా కాపాడిన మంజిష్ఠ తీగలు మాత్రం సగానికి సగం పీకి, ఓ పక్కన కుప్పేసి ఉన్నాయి. ఆకులు వాడి ముడుచుకుపోయాయి. కుప్ప పక్కన పార పడి ఉంటే తీసి చేత పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియదు. కింద పెట్టడానికి చెయ్యి రాలేదు.

"పార పట్టుకుని నా వంక అలా చూస్తావేంటి వదినా?" అన్నాడు మరిది. నూలుకి రంగులద్దే షెడ్డు మెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అతని చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. బజారులో కొనే రసాయనపు డబ్బా రంగు. ఎన్నిసార్లు కడిగినా వారం రోజులు వదలదు.

"నీ వంక కాక ఇంకెవరి వంక చూడను? ఈ నేల కావాలని రెండేళ్ళుగా అడుగుతున్నది నువ్వు."

"అడిగాను. అడగనని ఎప్పుడన్నా అన్నానా? వానొస్తే తడి నూలు ఎక్కడ ఆరెయ్యాలో తెలీక నా పక్కమీద ఆరేసుకుంటున్నాను. ఇంకో షెడ్డు పడితే కాస్త నడుం వాలుస్తానని అడిగాను. అడిగినవాడు దొంగతనంగా తవ్వుకుంటాడా?"

"మరెవరు తవ్వారు?"

"నాకేం తెలుసు? నూలు మూటలు దింపడానికి మొన్న వెళ్ళినవాణ్ణి రాత్రే వచ్చాను. వచ్చి పడుకున్నాను. లేచి టీ తాగుతుంటే నువ్వు పారతో దిగావు."

అతని గొంతులో కోపం కూడా సరిగ్గా లేదు. కోప్పడటానికీ ఒంట్లో సత్తువ ఉండాలి కదా. పెద్దకోడలికి అది చూసి ఇంకా చిర్రెత్తింది. గట్టిగా అరిచే మనిషైతే తనూ అరిచి బరువు దించుకునేది.

ఆమె మొగుడు ఇంట్లో లేడు. దూరపు బస్సు నడుపుతాడు, ఎల్లుండి గానీ రాడు. ఉన్నా పెద్ద తేడా ఉండేది కాదు. ఇంట్లో గొడవంటే ఆ మహానుభావుడు గోడమీద పిల్లి. "మీరూ మీరూ చూసుకోండి" అని బూట్లు తుడుచుకుంటాడు.

మిగిలింది అత్తగారు. వంటింటి గుమ్మం పక్కన చాప మీద కూర్చుని ఎండిన బంతిపూల రేకలు తుంచి బుట్టలో వేస్తోంది. ఇంత గొడవ జరుగుతున్నా తల ఎత్తలేదు. మామూలుగా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటివాళ్ళ కూరలో ఉప్పెక్కువైన సంగతి కూడా మధ్యాహ్నానికి వీధంతా చేరాల్సిందే. అలాంటి మనిషి ఇవాళ పెదవి విప్పడం లేదు.

"అత్తయ్యా, మీరు ఇంట్లోనే ఉన్నారు కదా. మడి తవ్వుతుంటే చప్పుడైనా వినబడలేదా?"

అత్తగారు ఇంకో పువ్వు తీసింది. రేకలు తుంచింది. "ముందు కాళ్ళు కడుక్కోవే. మొహం పీక్కుపోయింది" అంది.

"నా మొహం సంగతి తర్వాత."

అప్పుడు లోపల్నుంచి మావగారి గొంతు వినిపించింది. "వచ్చావా తల్లీ? నీకోసమే చూస్తున్నా."

ఆయన వెనక వరండాలోంచి వస్తున్నాడు. ఎడమచెయ్యి గోడకి ఆనించి, తీరిగ్గా, ఒక్కో అడుగూ వేస్తున్నాడు. కుడిచేతిలో ఒక నూలు చిలప, రంగులో ముంచిన దారాల కట్ట. గోళ్ళ సందుల్లో మట్టి ఉంది. మొహం మటుకు పరీక్ష పాసైన పిల్లాడి మొహంలా ఉంది.

"ఎవరినీ తిట్టకు. నేనే తవ్వాను. నువ్వొచ్చేసరికి తయారుగా ఉంచాలని."

పెద్దకోడలు నమ్మలేకపోయింది. మంజిష్ఠ నాటిన రోజున ఆమెకి పాఠం చెప్పింది ఈయనే. "వేరుకి మూడేళ్ళు నిండాలి. ఒక్కరోజు ముందు తవ్వినా అది మనల్ని క్షమించదు. రంగు ఇవ్వదు" అని. ఏ మొక్కైనా ఆకులో రంగు, పువ్వులో రంగు ఉంటే కంటికి తెలుస్తుంది. దీని రంగంతా నేల లోపల. మూడేళ్ళు నీళ్ళు పోస్తూ, ముళ్ళాకులు గీరుకుంటూ, అసలు ఉందో లేదో తెలియని ఎరుపుకోసం ఎదురుచూడాలి. ఆమె అలాగే చూసింది. రెండేళ్ళు చూసింది.

"మావయ్యా, ఇంకా ఏడాది ఉంది కదా!"

"ఏడాది ఎక్కడుందమ్మా? తాడు చూడు. మొన్నటితో ముప్ఫై ఆరూ పడ్డాయి."

తోట తలుపు పక్కన మేకుకి జనపతాడు వేలాడుతోంది. మడి నాటిన నెల నుంచీ ప్రతి నెలా ఒకటో తారీఖున దానికి మావగారు ఒక ముడి వేస్తాడు. ఆ ఇంట్లో రంగు మొక్కలకి క్యాలెండర్ లేదు, తాడే. ఆయన తండ్రి నుంచి వచ్చిన పద్ధతి. మనిషి మాట తప్పుతుంది గానీ తాడు తప్పదని ఆయన నమ్మకం. రెండేళ్ళ కిందట అన్నదమ్ముల ముందూ కోడలి ముందూ తీర్పు చెప్పినప్పుడు కూడా ఆ తాడు పట్టుకునే చెప్పాడు. "ముప్ఫై ఆరు ముడులు పడేదాకా తోట కోడలిది. అప్పుడు తవ్వి చూద్దాం. ఎరుపు వస్తే తోట ఎప్పటికీ ఉంటుంది. రాకపోతే చిన్నోడా, పీకేసి నీ షెడ్డు వేసుకో. వచ్చిందో లేదో చెప్పేది నేను." అందరూ సరేనన్నారు. రంగు విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. ఇప్పటికీ షెడ్డులోంచి బయటికి పోయే ప్రతి చిలపా ఆయన గుమ్మంలో వెలుగుకి ఎత్తిపట్టి "సరే" అంటేనే మూటలోకి వెళుతుంది.

మరిది టీ గ్లాసు పక్కన పెట్టి లేచి తాడు దగ్గరికి వెళ్ళాడు. వేలితో ఒక్కో ముడీ జరుపుతూ లెక్కపెట్టాడు. చివరికొచ్చి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"ముప్ఫై ఆరే" అన్నాడు.

"అబద్ధం!" అంది పెద్దకోడలు. "నాటింది పోయినేడు కాక ఆ ముందటేడు, వానలు వెనకపట్టాక. రెండేళ్ళు. ఇరవై నాలుగు నెలలు. నా చేతులతో నాటాను."

"రెండో మూడో నాకు గుర్తులేదు వదినా. నాకు వారాలే గుర్తుండవు. లెక్క తాడుది అని అందరం ఒప్పుకున్నాం. తాడు నిండింది."

"కంటి ఆపరేషనయ్యాక చీకటిగదిలో పడుకున్న నెలలు నాకూ కలగాపులగం అయిపోయాయిలే" అన్నాడు మావగారు, నవ్వుతూ. "అందుకేగా తాడు ఉండేది! వేళ్ళు కాస్త సన్నగా అనిపించాయి. మన నేల గట్టిది కదా, అందుకని అనుకున్నా. సరే, అదంతా పక్కన పెట్టు. ఇది చూడు ముందు."

ఆయన చిలప ముందుకు చాచాడు. చాచింది ఆమె వైపు కాదు. ఆమెకి ఒక అడుగు పక్కన ఉన్న స్తంభం వైపు. పెద్దకోడలే జరిగి అందుకుంది.

"చూశావా? ఎంత ఎరుపో! పటిక పట్టించి, నీళ్ళు మరగనివ్వకుండా, వేలు ఓర్చుకునే వేడిలోనే ఉంచాను. ఎలా ఉంది?"

చిలప నారింజ తొక్క రంగులో ఉంది. అదైనా ముదురు తొక్క కాదు. పలచగా, ఎండకి వెలిసిన పాత గుడ్డలా ఉంది. ఎరుపు అన్న మాటకి దానికి ఏ చుట్టరికమూ లేదు.

పెద్దకోడలు తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళు ఆమె మొహం మీద కాకుండా చెవి పక్కన ఎక్కడో ఆగి ఉన్నాయి. గోడకి చెయ్యి ఆనించి నడవడం, టీ గ్లాసు చేతికిస్తే గాని అందుకోకపోవడం, వెలుగుకి ఎత్తిపట్టిన చిలపని మునుపటికన్నా ఎక్కువసేపు పట్టుకుని ఉండటం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఏడాదిగా కళ్ళముందే జరుగుతున్నాయి. ఆమె తోటకి నీళ్ళు పోసుకుంటూ పోయింది.

అత్తగారు మొదటిసారి తలెత్తింది. కోడలి వంక చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"ఇది ఎరుపా నాన్నా?" అన్నాడు మరిది. చిలప వదిన చేతిలోంచి లాక్కుని చూశాడు. "నిజంగా అడుగుతున్నా. దీన్ని ఎరుపంటావా నువ్వు?"

"అనకేం? ఎరుపే."

"నేను చేసిన చిలపలో గోరంత తేడా ఉంటే మళ్ళీ ముంచమని వెనక్కి పంపిస్తావు. పోయిన నెల ఒకే మూట మూడుసార్లు ముంచాను. కోడలి తోటలోది అనేసరికి నారింజ కూడా ఎరుపైపోయిందా?" అతను చిలపని గుప్పిట్లో నలిపాడు. "తోట ఇచ్చెయ్యాలనుకుంటే ఇచ్చెయ్యి. నేనేం ఏడవను. కానీ నన్ను వెర్రివాణ్ణి చెయ్యొద్దు."

"ఒరేయ్, రంగు విషయంలో నేను ఎవరికీ పక్షపాతం చూపను."

"సరే. నా ఎరుపు కుండలో ఉంది. పిండి తీసుకొస్తా. రెండూ పక్కపక్కన పెట్టి చూసి, అప్పుడు చెప్పు." అతను చిలపని నూలు ఆరేసే తీగ మీద పడేసి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. లోపల బకెట్ చప్పుడు గట్టిగా వినిపించింది.

మావగారు వరండాలోని బల్ల మీద నెమ్మదిగా కూర్చున్నాడు. "వాడికి అలసటెక్కువై మాట పెళుసవుతోంది" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

పెద్దకోడలు సంచి దించింది. పార మాత్రం చేతిలోనే ఉంది. అత్తగారు లేచి, బుట్ట పట్టుకుని, రేకలు ఆరబొయ్యడానికన్నట్టు తోట తలుపు దగ్గరికి నడిచింది. ఆమె వెనకే కోడలు వెళ్ళింది.

"ఎప్పట్నించి?" అంది కోడలు, గొంతు తగ్గించి.

"నెమ్మదిగా మాట్లాడు. చెవులు బాగానే పనిచేస్తున్నాయి ఆయనకి."

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"ఆపరేషన్ తర్వాత డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు. కంటి నరం ఎండిపోతోందట. ఏడాదో, అంతకంటే ముందో. ఆయనకి చెప్పొద్దని నేనే బతిమాలాను. ఆయనకి తెలీక కాదు. నాకు తెలీదని ఆయన, ఆయనకి తెలీదని నేను, అలా నెట్టుకొస్తున్నాం."

"మరి తాడు?"

అత్తగారు తాడు వంక చూసింది. చెయ్యి చాచి, ఒక ముడిని వేలితో నిమిరింది. "ఈ పనికిమాలిన చేతులే" అంది.

కోడలికి వెంటనే అర్థం కాలేదు.

"ఒకటో తారీఖున ఆయన ఒక ముడి వేస్తాడు. పదిహేను రోజులు పోయాక నేను ఇంకోటి వేసేదాన్ని. ఏడాది పాటు వేశాను. మూడేళ్ళు ఆగితే ఆ ఎరుపు వచ్చేసరికి చూడటానికి కళ్ళు ఉండవు కదే! ఈ తోటలో ఎరుపు చూశాకే షెడ్డు వదిలి కూర్చుంటానని రోజూ అనేవాడు. కాస్త పల్చగా వచ్చినా చూస్తాడు, చాలనుకున్నాను. నిండా మునిగాక చలేంటని ముడి మీద ముడి వేసుకుంటూ పోయాను." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అయినా సమయానికి అందలేదు. ముప్ఫై ఆరో ముడి పడేలోపే ఆయన చూపు పోయింది. మొన్న తవ్వుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను. చేత్తో తడుముకుని తవ్వుతున్నాడు. ఎలా ఆపను? ఏమని చెప్పి ఆపను?"

పెద్దకోడలికి కోపం రావాలి. వచ్చింది కూడా, గొంతుదాకా. రెండేళ్ళ చాకిరీ, వేసవిలో వీధి కుళాయి నుంచి మోసిన బిందెలు, ముళ్ళాకులు గీరిన చేతులు, అన్నీ ఈవిడ తాడు మీద ముడేసి పారేసింది. ఓ మాట అనాలి. ఎదురుగా ఉన్న ముసలి మొహం చూస్తే ఆ మాట నోటిదాకా రాలేదు. చాలా అలసటగా అనిపించింది. ఈ ఇంట్లో అందరూ అందరికోసం ఏదో ఒకటి దాస్తున్నారు, అందరూ కలిసి నేలలో పూడ్చుకుంటున్నారు.

"సగం ఉందిగా ఇంకా" అంది చివరికి. "ఆ సగానికి ఇంకో ఏడాది ఇస్తే ఎరుపు వస్తుంది. మరిదికి నిజం చెప్పేద్దాం. తాడు తప్పని ఒప్పుకుంటాడు, గడువిస్తాడు."

"చెప్తే షెడ్డు గుమ్మంలో ఆయన చోటు పోతుంది. రంగు చూడలేని రంగులవాణ్ణి ఎవరు అడుగుతారు? చిన్నోడు మంచివాడే. కానీ రేపట్నించి చిలపలు ఆయనకి చూపించకుండానే మూట కట్టేస్తాడు. ఆ ఒక్కటీ పోతే మనిషి మిగలడు."

షెడ్డు తలుపు తెరుచుకుంది. మరిది చేతిలో తన చిలప, పిండిన నీళ్ళు ఇంకా కారుతున్నాయి. రంగు చూస్తే ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. అచ్చమైన ఎరుపు. అతను తీగ మీది నారింజ చిలపని కూడా నీళ్ళలో తడిపి, రెండూ తండ్రి ఒళ్ళో పెట్టాడు.

"చూడు నాన్నా. పక్కపక్కనే ఉన్నాయి. ఇప్పుడు చెప్పు."

వాసన చూసి చెప్పగలిగే మనిషే ఒకప్పుడు. నలభై ఏళ్ళు నీలి తొట్టెల మీద వంగి పనిచేసినవాడికి ముక్కెక్కడ మిగులుతుంది? రెండూ తడి నూలే. ఆయన వేళ్ళు రెండింటినీ తడిమాయి. లేచి, అలవాటు ప్రకారం గుమ్మం దగ్గరికి నడిచి, ముందు ఒకదాన్నీ తర్వాత ఇంకోదాన్నీ వెలుగుకి ఎత్తిపట్టాడు. ఆయనకి కనబడేది ఏమిటో ఆయనకే తెలియాలి. బహుశా ఒకటి పలచని మసక, ఒకటి చిక్కని మసక.

చిక్కనిదాన్ని పైకెత్తాడు.

"ఇదిరా" అన్నాడు. గొంతు నిండుగా పలికింది. "ఇదీ నేల ఇచ్చిన ఎరుపంటే. నీ డబ్బా రంగు దీని కాలిగోటికి సరిపోతుందా? వెలవెలబోతోంది చూడు పాపం, పక్కన పెట్టేసరికి." రెండో చేతిలోని నారింజ చిలపని కొడుకు వైపు చాచాడు. "ఇది తీసుకెళ్ళి మళ్ళీ ముంచు. సగం కూడా పట్టలేదు."

మరిది చిలప అందుకోలేదు. తండ్రి మొహం వంక చూశాడు. తర్వాత తన ఎర్రటి చేతుల వంక చూసుకున్నాడు. మళ్ళీ తండ్రి కళ్ళ వంక చూశాడు. అర్థమవుతున్న కొద్దీ అతని మొహంలో కోపమంతా దిగిపోయింది, దాని చోట ఏమీ రాలేదు.

పెద్దకోడలు మరిది నోటివైపే చూసింది. ఒక్క మాట అంటే చాలు. "అది నాది నాన్నా" అని. రెండేళ్ళుగా అడుగుతున్న నేల అతని చేతికి వస్తుంది. అనటానికి అతనికి హక్కుంది కూడా.

మరిది నారింజ చిలప తీసుకున్నాడు.

"నిజమే నాన్నా" అన్నాడు. "సరిగ్గా పట్టలేదు. మళ్ళీ ముంచుతాను."

"వదిన ఎరుపు ఎలా ఉంది?"

"చాలా బాగుంది. నావల్ల కాదు అలాంటిది." అతను తల తిప్పేసుకున్నాడు. "తోట జోలికి ఇంక రాను."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. పెద్దకోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఈ మరిదిని ఒక్కసారైనా మంచిగా పలకరించలేదే అనిపించింది. తోట నిలబడింది. సగం మడి ఉంది. ఏడాది ఆగితే నిజంగా ఎరుపు వస్తుంది. అప్పుడు ఈ అబద్ధం కూడా నిజమైపోతుంది.

మావగారు ఎర్ర చిలపని గుండెకి ఆనించుకుని నిలబడ్డాడు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి చాలా కాలమైంది.

"ఇంత ఎరుపు వచ్చాక మిగతాదాన్ని నేలలో ఉంచి ఏం చేస్తాం? నిండిన వేరు కుళ్ళిపోతుంది" అన్నాడు. "ఆ సగం కూడా ఇప్పుడే తవ్వేద్దాం. ఎండ ముదరకముందే అయిపోతుంది. చిన్నోడా, నువ్వో చెయ్యి వెయ్యి."

"ఇప్పుడెందుకు నాన్నా..." అన్నాడు మరిది. మాట అక్కడే ఆగిపోయింది. ఎందుకు వద్దో చెప్పాలంటే మొదటినుంచీ చెప్పాలి.

"తాడు నిండింది, రంగు వచ్చింది, ఇంకా దేనికి ఆగడం?" ఆయన మెట్లు దిగాడు, ఒక్కోదాన్నీ పాదంతో తడుముకుంటూ. మడి గట్టు దాకా వెళ్ళి, దానిమ్మచెట్టు వైపు చెయ్యి చాచాడు. "పార ఇక్కడే ఎక్కడో పెట్టాను. ఇలా అందుకోమ్మా."

అత్తగారు కోడలి వంక చూసింది. మరిది వదిన వంక చూశాడు. మావగారి చెయ్యి అలా చాచి ఉంది.

పార పెద్దకోడలి చేతిలో ఉంది.